పాత గేమింగ్ ల్యాప్‌టాప్‌లో లినక్స్: ముందు గేముల చిట్టా, తర్వాతే వాదన

ముందు ఒక కాగితం తీసుకుని, ఈ మధ్య మీరు నిజంగా ఆడిన గేమ్స్ పేర్లు రాయండి. సేల్‌లో చవకగా వచ్చిందని కొని, ఒక్కసారి కూడా తెరవనివి అందులో వద్దు. విండోస్ గొప్పదా, దాని బదులు ఉచితంగా వేసుకోగల లినక్స్ గొప్పదా అని జనం ఎంత కొట్టుకున్నా, మీ వరకు తేల్చేది ఆ చిట్టానే.

నాది హిందూపురం. బెంగళూరులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం, కాబట్టి లినక్స్ నాకు అన్నం పెడుతోంది. అయినా ఎవరైనా అడిగితే "కళ్లు మూసుకుని వేసెయ్" అని మాత్రం అనను. బీటీఎం లేఅవుట్ పీజీలో ఉండే మా మరిది దగ్గర 2017 నాటి ల్యాప్‌టాప్ ఉంది. ఏడో తరం కోర్ ఐ5, జీటీఎక్స్ 1050 కార్డు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. మామూలు విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంటి వాడకానికి విడిగా నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్స్ 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామన్నారు. విండోస్ 11 ఏమో, ఇంటెల్‌లో ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచే అంటుంది. వాడి రూమ్‌మేట్లలో ఒకడు "లినక్స్ వేసి పారెయ్" అంటాడు, ఇంకొకడు "లినక్స్‌లో గేమ్స్ ఎవరాడతారు?" అంటాడు. రెండోవాడి మాట పదేళ్ల కిందట అయితే సరిపోయేది.

అప్పటికీ ఇప్పటికీ తేడా ప్రోటాన్ వల్ల వచ్చింది. విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే వైన్ ప్రాజెక్టు 1993 నుంచీ ఉంది. దాని మీద గేమ్స్‌కి కావలసినవి చేర్చి స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో ప్రోటాన్‌ని స్టీమ్‌లో పెట్టింది. విండోస్ గేమ్ డైరెక్ట్‌ఎక్స్ అనే గ్రాఫిక్స్ భాషలో అడిగేదాన్ని, లినక్స్‌లోనూ నడిచే వల్కన్ అనే భాషలోకి ప్రోటాన్ మార్చి గ్రాఫిక్స్ కార్డుకి అందిస్తుంది. 2022 ఫిబ్రవరిలో లినక్స్ మీద నడిచే, చేత్తో పట్టుకుని ఆడే వాల్వ్ మెషిన్ స్టీమ్ డెక్ అమ్మకానికి వచ్చాక దీని పని ఇంకా చురుకైంది. ప్రోటాన్ ఓపెన్ సోర్స్, అంటే దాని సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు; స్టీమ్ మాత్రం అలా కాదు. సోర్స్ కోడ్ కనబడనిది ఏదీ నా మెషిన్‌లో ఉండకూడదు అనేవాళ్లకి ఈ రాత పనికిరాదు. వాళ్లమీద నాకు గౌరవమే, కానీ మా మరిదికి కావలసింది విచర్ 3.

చిట్టా చదవడం

వాడు రాసిచ్చినవి ఐదు: వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5, అపెక్స్ లెజెండ్స్, విచర్ 3. ఒక్కడే కూర్చుని ఆడుకునే గేమ్స్‌ని పక్కన పెట్టి, నలుగురితో ఆన్‌లైన్‌లో ఆడేవాటిని ముందు చూడండి. చిక్కంతా అక్కడే.

"వదినా, మరి నా వాలొరెంట్?"

"అది రాదు నాయనా."

"లినక్స్‌ని అంత పొగుడుతావు కదా, ఒక్క గేమ్‌కి దారి లేదా?"

లేదు. ఎందుకు లేదో తెలుసుకుంటే దాన్ని ఎలాగైనా నడిపిస్తామని చెప్పే వీడియోల వెంట పడి రాత్రుళ్లు పాడుచేసుకోరు. వాలొరెంట్‌తో పాటు దొంగాట ఆడేవాళ్లని పట్టే వాన్‌గార్డ్ అనే కాపలా ప్రోగ్రామ్ వస్తుంది. విండోస్ లేస్తున్నప్పుడే అదీ లేచి, సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ లోపల కూర్చుంటుంది. ప్రోటాన్ పనిచేసేది కెర్నల్ బయట. విండోస్ కెర్నల్ కోసం రాసిన డ్రైవర్‌ని లినక్స్ కెర్నల్‌లోకి ఎక్కించే పని అది చేయదు. పోనీ కంపెనీయే లినక్స్ కోసం ఒకటి రాయొచ్చు కదా అంటే, లినక్స్‌లో కెర్నల్‌ని ఎవరికి వాళ్లు మార్చుకుని కట్టుకోవచ్చు. దొంగాట ఆడేవాడు కాపలాదారు కాళ్ల కిందున్న నేలనే మార్చేస్తాడని వాళ్ల భయం. అందులో న్యాయం లేకపోలేదు. అలాగని ఒక గేమ్ కోసం మన మెషిన్ అట్టడుగు దాకా బయటి కంపెనీకి తాళం ఇవ్వాలా అనే ప్రశ్న కూడా పోదు. దీని మీద ఎవరి పట్టు వాళ్లు పట్టుకోవచ్చు, గేమ్ మాత్రం రాదు.

ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్ ఐ అనే ఇలాంటి కాపలా ప్రోగ్రామ్‌ల కథ వేరు. రెండూ 2021లోనే ప్రోటాన్‌కి దారి తెరిచాయి, కానీ ఆ తలుపు తీయాల్సింది గేమ్ తయారుచేసినవాళ్లు. ఎల్డెన్ రింగ్‌లో ఈజీ యాంటీ చీట్ ఉంది, అది లినక్స్‌లో ఆడుతుంది. ఫోర్ట్‌నైట్‌లోనూ అదే ఉంది, ఆడదు. తీసిన తలుపు మళ్లీ మూసినవాళ్లూ ఉన్నారు: అపెక్స్ లెజెండ్స్ చాలాకాలం నడిచి, 2024 అక్టోబర్ 31న లినక్స్ వాళ్లని బయట పెట్టింది. జీటీఏ 5 కథ భాగం ఇప్పటికీ బాగానే ఆడుతుంది. ఆన్‌లైన్ మాత్రం 2024 సెప్టెంబర్‌లో బ్యాటిల్ ఐ పెట్టినప్పటి నుంచీ లేదు. అంటే ఈరోజు ఆడే ఆన్‌లైన్ గేమ్ రేపూ ఆడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. లినక్స్‌ని పొగిడేవాళ్లు దాటేసే మాట ఇదే.

కౌంటర్ స్ట్రైక్ 2కి లినక్స్ వెర్షన్ వాల్వే ఇస్తోంది, దానికి ప్రోటాన్ కూడా అక్కర్లేదు. డోటా 2 కూడా అంతే.

ఒక్కో పేరు, లినక్స్‌లో ఆడి చూసినవాళ్లు తమ అనుభవం రాసే ప్రోటాన్ డీబీ అనే సైట్‌లో వెతకండి. ప్లాటినం, గోల్డ్ అని పతకాలు ఇస్తారు, పతకం చూసి ఆగిపోవద్దు. కిందకి దిగి మీ కార్డు లాంటిదే ఉన్నవాళ్లు, ఈ ఆరు నెలల్లో రాసినవి చదవండి. మూడేళ్ల కిందటి ప్లాటినం పూచికపుల్లకి పనికిరాదు. యాంటీ చీట్ సంగతికి ఆర్ వీ యాంటీ చీట్ యెట్ అనే జాబితా ఉంది.

చిట్టాలో రోజూ ఆడేది వాలొరెంట్ ఒక్కటే అయితే ఇక్కడే ఆగండి. విండోస్‌లోనే ఉండండి, మీకేమీ తక్కువ కాదు. మా వాడికి ఐదులో మూడు దక్కాయి, అందులో ఒకటి సగమే. అందుకని ఉన్న విండోస్‌ని కదపకుండా రెండో డిస్క్ మీద లినక్స్ వేయడం మేలనిపించింది.

ఎస్పీ రోడ్డు

ఈ పనికి ఒక ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్), వీలైతే ఇంకో 8 జీబీ ర్యామ్ కావాలి. బెంగళూరులో కేఆర్ మార్కెట్ మెట్రోలో దిగి టౌన్‌హాల్ వైపు నడిస్తే, కంప్యూటర్ విడిభాగాలు దొరికే ఎస్పీ రోడ్డు వచ్చేస్తుంది. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారం పొద్దున్నే వెళ్లండి. వెళ్లేముందు ల్యాప్‌టాప్ వెనక మూత విప్పి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఆ కాలం ల్యాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ ఖాళీగా ఉన్నా, కొన్నిటిలో అది సాటా రకం ఎస్ఎస్‌డీనే తీసుకుంటుంది, ఎన్‌వీఎంఈ పెడితే గుర్తించదు. షాపులో మాటలతో చెప్పేకన్నా ఫోటో, మోడల్ నంబర్ చూపిస్తే పని తొందరగా అవుతుంది. హిందూపురం పుణ్యమా అని నాకు కన్నడ వచ్చు కాబట్టి "ఎష్టాగుత్తె అణ్ణా" (ఎంతవుతుంది అన్నా) అని మొదలుపెడతాను. హిందీతోనూ పని జరిగిపోతుంది. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, రేపు వారంటీకి అదే ఆధారం. ర్యామ్ ధరలు 2025 చివర్లో బాగా ఎగబాకాయి, కాబట్టి రెండు మూడు షాపుల్లో అడగండి. డబ్బు ఒక్కదానికే ఉంటే ఎస్ఎస్‌డీయే కొనండి.

బిగించేటప్పుడు ముందు బ్యాటరీ వైరు తీసేయండి. కొత్త ఎస్ఎస్‌డీ పెట్టాక పాత హార్డ్ డిస్క్ కేబుల్ కూడా ఊడదీసి ఉంచండి. లినక్స్ వేసేటప్పుడు "డిస్క్ మొత్తం చెరిపెయ్" అన్న బటన్ నొక్కాలి, కనబడేది ఒక్క కొత్త డిస్కే అయితే టెన్షన్ ఉండదు. అంతకంటే ముందు విండోస్‌లో రెండు పనులు: డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ఎక్కడైనా రాసిపెట్టుకోవడం, పవర్ సెట్టింగ్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయడం. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా పడుకోదు. తర్వాత లినక్స్‌లోంచి ఆ డిస్క్ తెరిస్తే రాయడానికి ఒప్పుకోదు.

మింట్, డ్రైవర్

లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి, ఏది వేయాలన్నదాని మీద కోడిగుడ్డుకు ఈకలు పీకేవాళ్లు చాలామంది. కార్డు కొత్తదైతే, ముఖ్యంగా ఏఎండీ అయితే, గేమ్స్ కోసమే కట్టిన బజైట్ చూడండి. ఇలాంటి పాత ఎన్‌విడియా మెషిన్‌కి నా ఓటు లినక్స్ మింట్ 22కి. దానికి 2029 దాకా అప్‌డేట్స్ ఉన్నాయి. ఫైల్ దాదాపు 3 జీబీ ఉంటుంది. డౌన్‌లోడ్ చేసి రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించండి.

వెంటనే ఇన్‌స్టాల్ కొట్టకుండా పెన్‌డ్రైవ్ నుంచే ఒక సాయంత్రం వాడి చూడండి. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, వెబ్‌కామ్, వెలుతురు తగ్గించే బటన్లు, మూత మూసి తెరిస్తే లేవడం. కొన్ని రియల్‌టెక్ వైఫై చిప్‌లు మొరాయిస్తాయి. అప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెడితే ఇంటర్నెట్ వచ్చేస్తుంది, డ్రైవర్ తర్వాత వేసుకోవచ్చు.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదట టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీసుకోండి, ఏదైనా చెడితే సిస్టమ్‌ని ఆ స్థితికి వెనక్కి తీసుకెళ్లొచ్చు. ఆ తర్వాతే డ్రైవర్ మేనేజర్. కొత్తగా వేసిన లినక్స్‌లో ఎన్‌విడియా కార్డుకి నూవో అనే ఓపెన్ డ్రైవర్ ఉంటుంది. 1050 తరం కార్డులని అది పూర్తి వేగానికి తీసుకెళ్లలేదు, ఎందుకంటే వేగం పెంచడానికి ఎన్‌విడియా సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ కావాలి. ఈ స్థితిలో గేమ్ పెట్టి చూసి "లినక్స్ ఇంత నెమ్మదా" అని తీర్పు ఇచ్చేసినవాళ్లని చాలామందిని చూశాను. మేనేజర్‌లో ఎన్‌విడియా సొంత డ్రైవర్ ఎంచుకోండి. 10 సిరీస్ కార్డులకు 580 శాఖే ఆఖరిది, దానికి మించిన నంబర్ జోలికి పోవద్దు. పేరు చివర ఓపెన్ అని ఉన్నదీ వద్దు, అది 16 సిరీస్, 20 సిరీస్ నుంచి పైవాటికే. ఓపెన్ సోర్స్ మీద ప్రేమతో మొదలుపెట్టి మూసిన డ్రైవర్ దగ్గర తేలడం నాకూ నచ్చదు, కానీ ఈ కార్డుకి వేరే దారి లేదు.

సంతకం లేని ప్రోగ్రామ్‌లని బూట్ అప్పుడే ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అవగానే నీలం తెర వస్తుంది. చాలామంది భయపడి కంటిన్యూ నొక్కేస్తారు, డ్రైవర్ ఎక్కదు. అక్కడ ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ కొట్టాలి. అన్నీ అయ్యాక కింద ఎన్‌విడియా గుర్తు మీద నొక్కి పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టండి, లేదంటే గేమ్ ఇంటెల్ గ్రాఫిక్స్ మీద నడుస్తూ ఉంటుంది.

స్టీమ్

పీజీ వైఫైలో 70, 80 జీబీ గేమ్ దించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. దించక్కర్లేదు. పాత హార్డ్ డిస్క్ మళ్లీ తగిలించి, విండోస్ స్టీమ్‌లోని కామన్ ఫోల్డర్ నుంచి గేమ్ ఫోల్డర్‌ని కొత్త ఎస్ఎస్‌డీలోని స్టీమ్ కామన్‌లోకి కాపీ చేయండి. ఆ తర్వాత స్టీమ్‌లో ఇన్‌స్టాల్ నొక్కితే, ఉన్న ఫైళ్లను సరిచూసుకుని లేనివే దించుకుంటుంది. అసలు కాపీ ఎందుకు, విండోస్ డిస్క్ మీద నుంచే ఆడేద్దాం అనిపిస్తుంది. వద్దు. విండోస్ డిస్క్‌లు వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతితో ప్రోటాన్‌కి పొసగదు, గేమ్ ప్లే నొక్కగానే చప్పుడు లేకుండా మూసుకుపోతుంది. గేమ్ రూమ్‌మేట్ దగ్గర ఉంటే, 2023లో స్టీమ్ పెట్టిన లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ వాడండి. పీజీ వైఫైలో ఒక మెషిన్ ఇంకోదానికి కనబడకుండా కట్టేస్తే ఇద్దరూ ఒకే ఫోన్ హాట్‌స్పాట్‌లో చేరండి.

మొదటిసారి ప్లే నొక్కితే వల్కన్ షేడర్స్ (గ్రాఫిక్స్ కార్డు కోసం చేసే చిన్న ప్రోగ్రామ్‌లు) తయారవుతున్నాయని ఒక పెట్టె వచ్చి చాలాసేపు ఉంటుంది. మెషిన్ ఇరుక్కుపోలేదు, టీ తాగి రండి. అయినా గేమ్ లేవకపోతే పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి వేరే ప్రోటాన్ వెర్షన్ ఎంచుకోండి. ఏది పనిచేస్తోందో ప్రోటాన్ డీబీలో మీలాంటివాళ్లు రాసే ఉంటారు. ఎపిక్ అనే ఇంకో గేముల దుకాణంలో ఊరికే వచ్చిన గేమ్స్‌కి హీరోయిక్ లాంచర్ ఉంది.

వాలొరెంట్ కావాలనిపించిన రోజు బూట్ మెనూలో పాత డిస్క్ ఎంచుకుంటే సరి. ఆ విండోస్‌లో గేమ్ తప్ప బ్యాంకు పనులు, ఆఫీసు మెయిల్ ఏవీ తెరవొద్దని మా వాడికి గట్టిగా చెప్పాను.

తెలుగు టైపింగ్ గురించి కూడా అడుగుతుంటారు. మింట్‌లో కీబోర్డ్ లేఅవుట్లలోకి వెళ్లి తెలుగు వెతికితే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు కగప ఫొనెటిక్ అని ఒకటి కనబడుతుంది. కగప అంటే ఇక్కడి కన్నడ గణక పరిషత్తే. వాళ్ల కన్నడ కీబోర్డ్ పద్ధతినే తెలుగుకీ అమర్చారు. విడిగా ఏ సాఫ్ట్‌వేరూ దించక్కర్లేదు. ఆఫీసులో కన్నడవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నాను కాబట్టి నాకు అదే అలవాటు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటు ఉన్నవాళ్లు ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌లో ఎం17ఎన్ పెట్టుకుని, అందులో ఐట్రాన్స్ పద్ధతి ఎంచుకోండి.