పాత బ్రిటిష్ ఊరి ఫొటో ఏ చోటిదో, ఏ కాలానిదో తేల్చడం ఎలా

బ్రిటన్ ఊళ్ల పాత ఫొటోలు మన చేతికి ముఖ్యంగా మూడు దారుల్లో వస్తాయి. కార్ బూట్ సేల్‌లోనో (జనం కారు డిక్కీలో పాత సామాన్లు పెట్టి అమ్మే సంత) ఛారిటీ షాపులోనో (విరాళంగా వచ్చిన పాత సామాన్లు అమ్మే కొట్టు) అట్టపెట్టెల్లో పోసి అమ్మే పోస్ట్‌కార్డులు ఒకటి. పక్కింటి పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చిపోయిన ఆల్బమ్ ఇంకొకటి. మూడోది మన ఇళ్లలోదే: 1960, 70లలో ఎన్‌హెచ్‌ఎస్‌లో (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) ఉద్యోగానికి వెళ్లిన తెలుగు డాక్టర్ల బీరువాల్లోని స్లైడ్లు, చీర మీద ఓవర్‌కోటు తొడుక్కుని హాస్పిటల్ క్వార్టర్స్ ముందు దిగిన ఫొటోలు. అన్నిటికీ చిక్కు ఒకటే. వెనక ఏమీ రాసి ఉండదు, ఉన్నా ‘చర్చ్ స్ట్రీట్’ అని మాత్రమే ఉంటుంది. ఆ పేరున్న వీధి ఇంగ్లండ్‌లో ఎన్ని ఊళ్లలో లేదు గనక!

ఒక్కసారే ఏడాది పట్టేయాలని చూడకండి. రెండు హద్దులు వెతకండి: ‘దీనికి ముందు కాదు’, ‘దీని తర్వాత కాదు’. ఒక్కో ఆధారం ఏదో ఒక హద్దును ఇంకాస్త దగ్గరికి జరుపుతుంది. చేతిలో ఉన్న ఆధారం ఏ హద్దుకు పనికొస్తుందో తెలియకపోవడం వల్లే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

ముందు స్కానింగ్

పోస్ట్‌కార్డుకు 600 డిపిఐ (అంగుళానికి చుక్కలు) చాలు. అగ్గిపెట్టె సైజు కాంటాక్ట్ ప్రింట్లకు (నెగటివ్ ఎంతుంటే అంతే అచ్చువేసిన ఫొటోలు) 1200, 35 ఎంఎం స్లైడ్లకు, నెగటివ్‌లకు 3200 దాకా వెళ్లండి. అసలు ఫైలు టిఫ్‌లో దాచి, పంచుకోవడానికి జెపెగ్ కాపీ తీసుకోండి. వెనక వైపు ఖాళీగా ఉన్నా దాన్నీ స్కాన్ చేయాల్సిందే. స్కానర్‌లో దుమ్ము తీసేసే ఆటోమేటిక్ సదుపాయం పరారుణ కాంతితో పనిచేస్తే, బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లకు దాన్ని ఆపేయండి. ఫిల్ములోని వెండిని కూడా అది దుమ్మే అనుకుని బొమ్మ చెరిపేస్తుంది. కోడాక్రోమ్ అనే రంగు ఫిల్ము స్లైడ్లతోనూ ఇలాంటి పేచీ ఉంది.

1970ల నాటి జిగురు పేజీల ఆల్బమ్ అయితే ఫొటోను గోటితో లాగకండి. పైనున్న ప్లాస్టిక్ షీటు లేపి, పేజీని పేజీలాగే స్కాన్ చేయండి. ఊడదీయక తప్పదంటే, మైనం పూయని డెంటల్ ఫ్లాస్‌ను ఫొటో కిందికి పోనిచ్చి రంపంలా మెల్లగా లాగాలి. మొండికేస్తే వదిలేయడమే మేలు.

కార్డు వెనక వైపు

బ్రిటన్‌లో ప్రైవేటు సంస్థలు అచ్చువేసిన కార్డుకు స్టాంపు అంటించి పంపే వీలు 1894 సెప్టెంబర్ 1న వచ్చింది. అప్పట్లో వెనక వైపంతా చిరునామాకే. కబురు రాయాలంటే బొమ్మ పక్కనున్న ఖాళీలో రాసుకోవాలి. నడుమ గీత గీసి ఎడమ సగం కబురుకు, కుడి సగం చిరునామాకు వదిలే పద్ధతి 1902లో మొదలైంది. గీత ఉంటే 1902కి ముందుది కాదు. లేనంత మాత్రాన ముందుదని చెప్పలేం, ఎందుకంటే పాత నిల్వలు ఆ తర్వాత కూడా అమ్ముడయ్యాయి.

దేశంలోపల కార్డు పంపే ఖర్చు 1918 జూన్ దాకా అర పెన్నీ. అప్పుడు పెన్నీ అయింది, 1921లో పెన్నిన్నరకు పెరిగి 1922లో మళ్లీ పెన్నీకి దిగింది. 1940 మే నుంచి 2 పెన్నీలు, 1957 అక్టోబర్ నుంచి రెండున్నర, 1965 మే నుంచి 3. పోస్ట్ చేయని కార్డుకూ ఇది పనికొస్తుంది: స్టాంపు గడిలో ‘అర పెన్నీ’ అని అచ్చయి ఉంటే ఆ కార్డు 1918 జూన్‌కి ముందు అచ్చువేసిందే అయ్యుండాలి.

అయితే పోస్ట్‌మార్క్ తేదీ ఫొటో తీసిన తేదీ కాదు. అది ‘దీని తర్వాత కాదు’ అనే హద్దు మాత్రమే. కంపెనీలు ఒకే నెగటివ్‌తో ఏళ్ల తరబడి కార్డులు వేశాయి. పాతబడిన బండిని చెరిపేసి, ఆకాశంలో లేని మబ్బులు అతికించి మళ్లీ అమ్మాయి కూడా. రంగు కార్డుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. రంగులు వేసినవాడు ఆ ఊరు చూసి వేసి ఉంటాడనుకోకండి. తలుపు ఆకుపచ్చగా ఉందని ఇల్లు గుర్తుపట్టబోతే మునిగినట్టే.

కార్డు మూలలోని సన్నని నంబరు మాత్రం బంగారం. ఫ్రాన్సిస్ ఫ్రిత్ 1860లో రైగేట్‌లో పెట్టిన కంపెనీ 1971లో మూతపడేదాకా బ్రిటన్ ఊరూరా ఫొటోలు తీసింది. వాళ్ల నంబర్లు వరసగా ఉంటే, ఫొటోగ్రాఫర్ ఒకే విడత వచ్చి తీసినవి అయ్యే అవకాశం ఎక్కువ. కాబట్టి పక్క నంబరు కార్డు ఎక్కడిదో తెలిస్తే మీది కూడా అక్కడే వెతకండి. డండీలోని వాలెంటైన్ కంపెనీ కార్డుల మీద ‘జె.వి.’ అనే అక్షరాలు ఉంటాయి. వాళ్ల ఫొటోల భాండాగారం సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో ఉంది. నంబరు పెట్టి ఆన్‌లైన్‌లో వెతకొచ్చు.

వీధిలో ఏం చూడాలి

బూతద్దం పెట్టినట్టు స్కాన్‌ను పెద్దది చేసి, ఎడమ మూల నుంచి కుడికి వరసగా చూసుకుంటూ రండి. మనుషుల బట్టలు చివరికి వదిలేయండి. పల్లెలో ముసలాయన ఇరవై ఏళ్ల నాటి కోటు వేసుకుని తిరగడం వింతేమీ కాదు.

ఎర్ర ఫోన్ బూత్ ఉంటే అద్దాలు లెక్కపెట్టండి. ఒక్కో వైపు మూడేసి సమానమైన అద్దాల చొప్పున ఆరు వరసలుంటే అది 1926 నాటి కె2 అనే నమూనా. అది ఎక్కువగా లండన్‌లోనే కనిపించేది. ఎనిమిది వరసలుండి నడిమి అద్దం వెడల్పుగా ఉంటే కె6. ఐదో జార్జ్ రాజు రజతోత్సవం సందర్భంగా వాస్తుశిల్పి గైల్స్ గిల్బర్ట్ స్కాట్ దీన్ని రూపొందించాడు. 1936 నుంచి పల్లెలకూ చేరింది.

గుండ్రటి పసుపు బుడ్డి దీపాల స్తంభాలు (బెలిషా బీకన్లు) 1934లో వచ్చాయి. రోడ్డు మీద జీబ్రా చారలు 1949లో కొన్నిచోట్ల ప్రయోగంగా, 1951లో చట్టబద్ధంగా దేశమంతా. ఇప్పుడు చూసే తరహా రోడ్డు సూచికలు 1965 జనవరి నుంచి. దారిచూపే బోర్డులు మొండి స్తంభాలుగా మిగిలి ఉంటే 1940 వేసవిని గుర్తుచేసుకోండి. జర్మన్లు దిగితే దారి తెలియకూడదని అప్పుడు ఊళ్ల పేర్లు పీకేశారు. చెట్ల మొదళ్లకు, పేవ్‌మెంటు అంచులకు తెల్ల రంగు కనిపిస్తే అది యుద్ధకాలపు బ్లాకౌట్ (రాత్రి దీపాలు ఆర్పేసే నియమం) చీకట్లో కనబడేందుకు వేసింది.

పోస్టు డబ్బా మీద రాజు లేదా రాణి పేరు అక్షరాలు చూడండి. అది ఎప్పటికీ ‘దీనికి ముందు కాదు’ అనే హద్దే. విక్టోరియా నాటి డబ్బాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. స్కాట్లండ్‌లో 1953 తర్వాత పెట్టిన వాటిపై రాణి అక్షరాలు ఉండవు, స్కాట్లండ్ కిరీటమే ఉంటుంది. ‘రెండో ఎలిజబెత్’ అనే మాటే అక్కడివాళ్లకు గిట్టలేదు, వాళ్లకు మొదటి ఎలిజబెత్ ఎవరూ లేరు మరి. ఎడిన్‌బరాలో రాణి అక్షరాలున్న డబ్బాను పేల్చేశారు కూడా.

కారు నంబర్ ప్లేటు 1904 నుంచి ఉంది. పాత ప్లేట్లలో అక్షరాలు రిజిస్టరైన కౌంటీని (మన జిల్లాలాంటిది) చెబుతాయి: ‘ఎ’ లండన్, ‘బి’ లాంకషైర్, ‘డి’ కెంట్, ‘ఎఫ్’ ఎసెక్స్. 1932లో మొదలైన మూడక్షరాల ప్లేట్లలో చివరి రెండే ఊరి గుర్తు. ఏడాదిని చెప్పే అక్షరం ప్లేటు చివర చేరడం 1963లో మొదలై 1965కల్లా దేశమంతా వచ్చింది. ఒక్క కారును నమ్మకండి, అది సెలవులకొచ్చినవాళ్లది కావచ్చు. రెండు మూడు కార్లు, ఒక పాల వ్యాను ఒకే మాట చెబితే అప్పుడు నమ్మొచ్చు.

ఉదాహరణకు బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఊరి కార్డు అనుకుందాం. కె6 బూత్ ఉంది, అంటే 1936కి ముందుది కాదు. పొగగొట్టం మీద ఇంగ్లిష్ ‘హెచ్’ అక్షరంలాంటి టీవీ ఏరియల్ ఉంది. ఆ ప్రాంతానికి సిగ్నల్ ఇచ్చిన సటన్ కోల్డ్‌ఫీల్డ్ ట్రాన్స్‌మిటర్ 1949 డిసెంబర్ 17న మొదలైంది. పోస్ట్‌మార్క్ 1955 ఆగస్ట్. కాబట్టి ఫొటో 1949 చివరికీ 1955 వేసవికీ మధ్యది. జీబ్రా చారలు లేవుగా, 1951కి ముందుదే అనేయొచ్చా? అనకూడదు. ఆ వీధికి చారలు ఎన్నడూ పడి ఉండకపోవచ్చు. లేనిదాన్ని ఆధారం చేసుకోకండి. అదే దుకాణాల నిండా కిరీటం బొమ్మలు, తోరణాలు ఉంటే 1953 జూన్ 2 నాటి రెండో ఎలిజబెత్ పట్టాభిషేకం దగ్గరికి ధైర్యంగా వెళ్లొచ్చు. తోరణాలు 1935, 1937 నాటి రాజ ఉత్సవాలకూ కట్టారు గానీ, అప్పుడు ఆ ఊళ్లో ఆ ఏరియల్ ఉండే అవకాశం లేదు.

ఊరు పట్టుకోవడం

ముందు బొమ్మ తిరగబడి అచ్చయిందేమో చూడండి. గాజు పలకల నెగటివ్‌తో ఇది తరచూ జరిగేది. దుకాణం బోర్డు చదవగలిగితే గొడవే లేదు. లేకపోతే మగవాళ్ల కోటు చూడండి, తొడుక్కున్నవాళ్ల ఎడమ అంచు వాళ్ల కుడి అంచు పైకి రావాలి.

పాత పారిష్ చర్చి (ఊరి ప్రధాన చర్చి) ఉంటే మీకు దిక్సూచి దొరికినట్టే. వాటిలో అత్యధికం తూర్పుపడమరలుగా కట్టినవే. గోపురం సాధారణంగా పడమటి కొనన ఉంటుంది. గోపురం మీకు ఎడమచేతి వైపు, హాలు కుడివైపుకు సాగితే కెమెరా ఉత్తరం చూస్తోంది. అప్పుడు నీడలు ఎడమకు పడితే పొద్దున తీసింది, కుడికి పడితే సాయంత్రం తీసింది.

ఈ దిక్కుతో స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌కి వెళ్లండి. ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ పటాల సంస్థ) పాత పటాన్నీ ఇప్పటి ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి ఉచితంగా చూపిస్తారు, స్కాట్లండ్‌కే కాదు, ఇంగ్లండ్, వేల్స్‌కి కూడా. మలుపు, చర్చి, చెరువు మూడూ కుదిరితే జియోగ్రాఫ్ (చోటు వారీగా ఫొటోలు పెట్టే వెబ్‌సైట్) లో అదే చోటి ఇప్పటి ఫొటోతో సరిచూసుకోండి. ఇళ్లు మారినా పైకప్పుల వాలు, పొగగొట్టాల లెక్క చాలాసార్లు అలాగే ఉంటాయి.

పబ్ పేరుతో వెతకడం దండగ. రెడ్ లయన్, క్రౌన్ అన్ని ఊళ్లలోనూ ఉన్నాయి. దుకాణదారు ఇంటిపేరు పట్టుకోండి. కెల్లీస్ డైరెక్టరీలనే పాత పుస్తకాల్లో ఊరివారీగా వ్యాపారుల పేర్లు ఉంటాయి. 1910ల దాకా చాలా సంపుటాలను లెస్టర్ యూనివర్సిటీ ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. డైరెక్టరీలో ఉన్న సమాచారం అచ్చుకు ఏడాది ముందు సేకరించిందని మాత్రం గుర్తుంచుకోండి.

కౌంటీ పేరు ఇంకో గోతి. 1974 ఏప్రిల్ 1న ఇంగ్లండ్, వేల్స్ కౌంటీల హద్దులు మారాయి. పాత కార్డు మీద ‘బోర్న్‌మత్, హాంప్‌షైర్’ అని ఉంటుంది, ఇప్పుడది డోర్సెట్. బార్క్‌షైర్‌లోని అబింగ్డన్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోకి వచ్చింది. కౌంటీ రికార్డ్ ఆఫీసుకు (పాత పత్రాలు దాచే చోటు) రాసేముందు పాత, కొత్త కౌంటీలు రెండూ చూసుకోండి.

మన డాక్టర్ల ఫొటోలకు వేరే తాళంచెవి ఉంది. అప్పటి హౌస్ ఆఫీసర్ (జూనియర్ డాక్టర్) పోస్టులు ఆరేసి నెలలవి, కాబట్టి పాత సీవీ దొరికితే ఊళ్ల వరస దానంతట అదే వస్తుంది. సీవీ లేకపోతే ఏటా వచ్చే మెడికల్ డైరెక్టరీలో (డాక్టర్ల వివరాల పుస్తకం) పేరు చూడొచ్చు. స్లైడు అట్ట ఫ్రేము మీద ఫిల్ము కడిగిన నెల, ఏడాది అచ్చయి ఉంటాయి కొన్నిసార్లు. అదీ పోస్ట్‌మార్క్ లాంటిదే, తీసిన తేదీ కాదు.

పెద్దల జ్ఞాపకాలు రాసుకునేటప్పుడు

ఫొటోను ఎ4 సైజుకు అచ్చువేసి, మీద ట్రేసింగ్ కాగితం పెట్టి, ప్రతి దుకాణానికీ మనిషికీ నంబరు వేయండి. లేకపోతే రికార్డింగులో ‘అదిగో ఆ మూలనున్న కొట్టు’ అని వినిపిస్తుంది, ఏ కొట్టో ఎవరికీ తెలియదు. ఫోన్ రికార్డర్ చాలు, డబ్ల్యూఏవీ ఫైలుగా పెట్టుకోవడం మేలు. ఒక విడతకు ముప్పావు గంట మించకండి.

‘ఇది ఏ ఏడాది అండీ?’ అని అడిగితే ఏదో ఒక అంకె చెబుతారు, అదే నిజమైపోతుంది. దానికి బదులు ‘అప్పటికి మిఠాయిలు రేషన్ మీదేనా? మీ ఇంట్లో టీవీ వచ్చిందా? కొత్త నాణేలు వచ్చేశాయా?’ అని అడగండి. మిఠాయిల రేషన్ 1953 ఫిబ్రవరిలో, మొత్తం రేషన్ 1954 జూలైలో పోయాయి. దశాంశ నాణేల పద్ధతి 1971 ఫిబ్రవరి 15న అమల్లోకి వచ్చింది, కొన్ని కొత్త నాణేలు 1968 నుంచే చలామణిలో ఉన్నాయి.

మంచు ఫొటోలతో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. 1947, 1963 చలికాలాలు పెద్దల మాటల్లో కలిసిపోతాయి. 1947లో జనవరి ఆఖరి నుంచి మార్చి దాకా బొగ్గు కరువు, కరెంటు కోతలు, ఆ వెంటనే వరదలు. 1962–63 మంచు బాక్సింగ్ డే (డిసెంబర్ 26) నాడు మొదలై మార్చి మొదటి రోజుల దాకా నిలిచింది. ‘కొవ్వొత్తి వెలుగులో కూర్చున్నాం, తర్వాత నీళ్లొచ్చాయి’ అంటే మొదటిది.

జ్ఞాపకానికీ ఫొటోకూ పొత్తు కుదరకపోతే సర్దొద్దు. శీర్షికలో రెండూ వేరుగా రాయండి: ‘ఆధారాల ప్రకారం 1949–55, చెప్పినవారి జ్ఞాపకం ప్రకారం 1946’. ఎవరు, ఎప్పుడు చెప్పారో కూడా చేర్చండి. ఖాయం కాని పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

ఫొటో వెనక రాయాలంటే మెత్తని 2బి పెన్సిల్‌తో, అంచున, గట్టి బల్ల మీద బోర్లించి రాయండి. బాల్‌పెన్ ఒత్తిడికి ముందు వైపు గీత లేస్తుంది. నున్నటి ప్లాస్టిక్ పూత ఉన్న రంగు ప్రింట్ల మీద పెన్సిల్ పట్టదు, వాటికి ఆర్కైవల్ పెన్ను (ఫొటోకు హాని చేయని సిరా పెన్ను) కావాలి. పివిసి కవర్లు వద్దు, పాలిస్టర్‌వి వాడండి.

నెట్‌లో పెట్టేముందు హక్కుల సంగతి చూసుకోవాలి. బ్రిటన్‌లో ఫొటోగ్రాఫర్ చనిపోయాక 70 ఏళ్ల దాకా కాపీరైట్ సాధారణంగా ఉంటుంది. కార్డు కొన్నంత మాత్రాన ఆ హక్కు మీకు రాదు. స్థానిక రికార్డ్ ఆఫీసుకు ఇవ్వాలనుకుంటే స్కాన్లతో పాటు మీ హద్దుల లెక్క, ఏ ఆధారంతో ఏ హద్దు పెట్టారో ఒక కాగితం మీద రాసి జతచేయండి.