గాజువాక బస్తీలో కాంట్రాక్టు కార్మికుల కమిటీ కట్టడం ఎలా

జెండా, బ్యానర్ తర్వాత. ముందు ఒక వీధి ఎంచుకోండి, 40 ఇళ్లు చాలు. ఇద్దరిద్దరుగా వెళ్లి ఇంటికో అరగంట కూర్చోండి. ఏ కాంట్రాక్టరు కింద చేస్తున్నారు, ఏ షిఫ్టు, జీతం ఏ తేదీన పడుతోంది, పీఎఫ్ ఎంత కోస్తున్నారు అని అడగండి. ఆ రాత్రే నోట్‌బుక్కులో ఎక్కించండి. ఒడిశా, బీహార్ కుర్రాళ్లు ఉండే అద్దె గదుల్ని వదలొద్దు. వాళ్లు లేని కమిటీని కాంట్రాక్టరు ఇట్టే చీలుస్తాడు.

మొదటి డిమాండు చిన్నదిగా, కాగితంతో రుజువయ్యేదిగా ఉండాలి. మా సలహా పీఎఫ్. కార్మికుడి వాటా, యజమాని వాటా రెండూ మరుసటి నెల 15లోగా జమ కావాలి. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి, పేస్లిప్పులోని కోతతో నెలనెలా సరిచూడండి. కిందటి నెలది ఎక్కడానికి కొన్ని రోజులు పడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పది మంది పాస్‌బుక్కుల్లో అవే నెలలు ఖాళీగా ఉంటే పట్టిక వేసి పీఎఫ్ ఆఫీసులో ఇవ్వండి, నకలు ప్రధాన యజమానికి, అంటే కాంట్రాక్టరుకు పని అప్పగించిన కంపెనీకి, పంపండి. కాంట్రాక్టరు కట్టకపోతే బాధ్యత ప్రధాన యజమానిదే. అందినట్టు ముద్ర వేయించుకోకుండా కదలొద్దు. సంతకాలు గుండ్రంగా పెట్టించండి. వరుసగా పెడితే, మొదటి పేరున్న వాడి గేటు పాసే ముందు ఆగుతుంది.

మీటింగు గంట దాటొద్దు. రాత్రి వంట వేళ పెట్టి, ఆడవాళ్లు రావడం లేదని అనుకోవడం అన్యాయం, వేళ వాళ్లనే అడగండి. చందా నెలకు 20 రూపాయలు, రసీదు తప్పనిసరి, డబ్బు ఒకరి దగ్గర, పద్దు ఇంకొకరి దగ్గర. ప్రతి నెలా లెక్క చదివి వినిపించండి. కమిటీలు ఎక్కువగా కూలేది డబ్బు అనుమానాల దగ్గరే.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మాలని 2021 జనవరి 27న కేంద్రం నిర్ణయించాక కూర్మన్నపాలెంలో రిలే దీక్షలు సాగాయి. అలాంటి శిబిరం నిలవాలంటే ఎవరు ఏ పూట కూర్చుంటారో షిఫ్టులవారీ జాబితా ఉండాలి. అది వీధి స్థాయిలోనే అలవాటు కావాలి.

యూనియన్ రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు దరఖాస్తు చేయొచ్చు. అయితే ఆ సంస్థ కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది, సభ్యులై ఉండాలి. తొందరపడి వేస్తే పేర్లు బయటపడి మనుషులు జారిపోతారు.

ఎన్నికల ముందు కాదు, మొదటి నెలలోనే తీర్మానం రాసుకోండి: సభ్యుడి ఓటు అతని ఇష్టం, కమిటీ ఎవరికీ మద్దతివ్వదు, ప్రచార బండికి మనుషుల్ని పంపదు. పోటీ చేయాలనుకున్నవారు రాజీనామా చేసి రసీదు పుస్తకాలు, జాబితాలు అప్పగించి వెళ్లాలి.