క్యోటోలో మూడు రోజులు: ప్రయాణాన్ని ఎలా ప్లాన్ చేసుకోవాలి?

క్యోటో వెళ్లేవాళ్లు సరిచూడమని నాకు పంపే ప్రణాళికలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఉదయం బంగారు మందిరం కింకకుజి, తర్వాత ఫుషిమి ఇనారి మందిరం, మధ్యాహ్నం అరషియామా వెదురు వనం, సాయంత్రం కియోమిజుదేరా ఆలయం. పటం ముందు పెట్టుకుంటే తెలుస్తుంది: ఒకటి వాయవ్యాన, ఒకటి దక్షిణాన, మరొకటి పడమటి కొసన, చివరిది తూర్పు కొండ మీద. ఇలా వెళ్తే రోజులో సగం బస్సులో నిలబడటానికే సరిపోతుంది. 794లో జపాన్ రాజధానిగా వెలిసి, వెయ్యేళ్లకు పైగా చక్రవర్తులకు నివాసంగా ఉన్న నగరం ఇది. మూడు రోజుల్లో మొత్తం చూడటం కుదరదు. అందుకే జాబితా కొట్టివేతతో మొదలుకావాలి.

1. నెల ఎంచుకోండి

చెర్రీ పూలు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. ఎర్రబడిన ఆకులు నవంబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి వారం దాకా. ఈ రెండు కాలాల్లో గదుల ధరలు, గుంపులు కలిసే పెరుగుతాయి. ఏప్రిల్ చివర, మే మొదట్లో జపాన్ వాళ్లకే వరుస సెలవులు, అప్పుడు అసలు వద్దు. మే రెండో సగం మంచిది. చలికి వెరవని వారికి జనవరి, ఫిబ్రవరి ఇంకా మంచివి. జులై 17న గియోన్ ఉత్సవపు రథాల ఊరేగింపు ఉంటుంది కానీ, విజయవాడ ఎండల్లో పెరిగినవాళ్లం మనకేం అనుకోకండి. మూడు వైపులా కొండలున్న ఊరు, గాలి కదలదు.

2. రైలు, కార్డు, గది

కన్సాయ్ విమానాశ్రయంలో దిగితే హరుకా రైలు సుమారు గంటా ఇరవై నిమిషాల్లో క్యోటో చేరుస్తుంది. టోక్యో నుంచి బుల్లెట్ రైలు నొజోమి షింకాన్‌సెన్‌లో రెండుంపావు గంటలు, ఛార్జీ సుమారు 14,000 యెన్లు. జపాన్ అంతటా తిరగనిచ్చే ఏడు రోజుల జేఆర్ రైలు పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 నుంచి 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో–క్యోటో రానుపోను కోసం దాన్ని కొనడం డబ్బు పారేసుకోవడమే. స్టేషన్లో ఇకోకా అనే ప్రీపెయిడ్ ప్రయాణ కార్డు ఒకటి తీసుకోండి, చాలు.

గది కరసుమా, షిజో వీధులు కలిసే చోటికి నడక దూరంలో ఉండాలి. ఒసాకాలో చవకగా దొరుకుతుంది, రైల్లో అరగంటే కదా అని చాలామంది అక్కడ దిగుతారు. ఆ అరగంటకు స్టేషన్‌కు నడక, రైలు కోసం ఎదురుచూపు కలిపితే గంట దాటుతుంది. పోయేది ఉదయపు గంట. ఈ నగరంలో దానికంటే విలువైనది లేదు.

3. రోజులను విడగొట్టండి

అందరూ తప్పేది ఇక్కడే. ఒక కాగితం తీసుకుని, చూడాలనుకున్న ప్రతి చోటు పక్కన రెండు విషయాలు రాయండి: అది నగరంలో ఏ దిక్కున ఉంది, దాని గేటు ఎన్ని గంటలకు తెరుస్తారు. ఎంత ప్రసిద్ధమో, ఫొటో ఎంత బాగుందో రాయొద్దు. ఒక దిక్కుకు ఒక రోజు. తూర్పు రోజున పడమటిది ఎంత ఊరించినా చేర్చకూడదు.

ఆ తర్వాత గంటలు. క్యోటోలో చాలా ఆలయాలు సాయంత్రం ఐదింటికి మూసేస్తాయి, నాలుగున్నర దాటితే టికెట్ ఇవ్వరు. తీరిగ్గా అల్పాహారం ముగించి పదింటికి బయలుదేరితే మీకు మిగిలేది ఆరు గంటలు, ఆ ఆరు గంటలూ అందరూ రోడ్డు మీదే ఉంటారు. కాబట్టి గేటే లేని చోట్లకు తెల్లవారగానే వెళ్లాలి. ఎనిమిది, తొమ్మిదింటికి తెరిచేవి ఆ తర్వాత. వీధులు, కాలువ గట్లు, బజార్లు చివరికి. ఈ వరుస తలకిందులు చేసి, పదకొండింటికి వెదురు వనానికి వెళ్లి, అక్కడ కనిపించేది సెల్ఫీ కర్రలేనని వాపోయేవాళ్లంటే నాకు జాలి లేదు.

దక్షిణం రోజు ఇలా ఉండాలి. ఫుషిమి ఇనారి రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ నారా లైన్‌లో రెండో స్టేషన్ ఇనారి. ఆరున్నరకు అక్కడుంటే ఎర్రటి తొరీ ద్వారాల కింద మీ అడుగుల చప్పుడు మీకు వినిపిస్తుంది. కొండ ఎత్తు 233 మీటర్లే, సగం దాకా ఎక్కినా సరిపోతుంది. దిగాక కేయ్‌హాన్ రైలెక్కి షిచిజోలో దిగితే సంజుసంగెన్‌దో కొద్ది నిమిషాల నడక. దీన్ని జాబితాలోంచి ఎవరు తీసేసినా నేను మళ్లీ చేరుస్తాను. చెప్పులు విప్పి లోపలికి వెళ్తే సుమారు 120 మీటర్ల పొడవున చెక్క మందిరం, అందులో 1,001 కన్నోన్ (అవలోకితేశ్వరుడి) విగ్రహాలు వరుసలు తీరి ఉంటాయి. ముందు నిలిచిన 28 మంది రక్షక దేవతలను ఒక్కొక్కరిగా చూస్తూ నడవండి. రెక్కలతో, పక్షి ముఖంతో వేణువు ఊదుతున్న కరురా మన గరుత్మంతుడే. ఇంద్రుడూ బ్రహ్మా కూడా జపాన్ పేర్లతో అదే వరుసలో ఉన్నారు. ఫొటోలు తీయనివ్వరు, అదీ మంచిదే. మధ్యాహ్నం నిజో కోట. 1603లో తొకుగావా ఇయెయాసు కట్టించాడు, 1867లో చివరి షోగన్ (సైనిక పాలకుడు) అధికారం వదులుకుంటున్నట్టు ప్రకటించింది ఇక్కడే. అడుగేస్తే కిచకిచలాడే చెక్క నేల కోసమైనా వెళ్లాలి, కాకపోతే నాలుగు లోపే.

తూర్పు రోజు కియోమిజుదేరాతో మొదలు. ఆరింటికే తెరుస్తారు, ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. అక్కడి నుంచి సన్నెన్‌జాకా, నినెన్‌జాకా మెట్లు దిగి, యసాకా మందిరం మీదుగా ఉత్తరానికి నాన్‌జెన్‌జి చేరి, ఆపైన కాలువ గట్టున తత్వవేత్తల బాటలో గింకకుజి దాకా నడవాలి. ఎప్పుడూ దక్షిణం నుంచి ఉత్తరానికే, వెనక్కి తిరగొద్దు. కిమోనో అద్దెకు తీసుకునే ఆలోచన ఉంటే ఈ తూర్పు రోజున మానండి. ఆ దుకాణాలు తెరిచేసరికి మీ ఉదయం కరిగిపోతుంది, పైగా ఆ చెప్పులతో మెట్లు దిగలేరు. గియోన్‌లోని ప్రైవేటు సందుల్లోకి 2024 నుంచి పర్యాటకులను రానివ్వడం లేదు, 10,000 యెన్ల జరిమానా అని బోర్డులు పెట్టారు. నడుస్తున్న మైకోల (శిక్షణలో ఉన్న గీషాల) వెంటపడి ఫొటోలు తీసినవాళ్ల పుణ్యమే ఇది.

పడమటి రోజు అరషియామా వెదురు వనానికి ఏడింటికల్లా చేరండి. ఎనిమిదిన్నరకు పక్కనే తెన్‌ర్యూజి తోట తెరుస్తారు. తర్వాత బస్సు వద్దు, రాండెన్ అనే చిన్న ట్రామ్ ఎక్కి, కతబిరానొత్సుజిలో మారి, ర్యోఆన్‌జిలో దిగండి. అక్కడి ఆలయ తోటలో గులకపై 15 రాళ్లు, ఎక్కడ కూర్చున్నా ఏదో ఒకటి దాక్కుంటుంది. అరగంటైనా కూర్చోకపోతే వెళ్లడం దండగ. అక్కడికి ఇరవై నిమిషాల నడకలో కింకకుజి, అదీ మూసే ముందు గంటలో. కాళ్లు నొప్పెడితే దీన్నే వదిలేయండి. 1950లో ఒక యువ సన్యాసి తగలబెట్టగా 1955లో మళ్లీ కట్టిన మందిరం అది. నేరుగా చూసినా ఫొటోలో కనిపించినంతే.

రోజుకు టికెట్ చోట్లు మూడు దాటకూడదు. నాలుగోది పెడితే మొదటి మూడూ గుర్తుండవు.

4. బస్సులను నమ్ముకోవద్దు

వెనక ఎక్కి, ముందు దిగుతూ 230 యెన్లు చెల్లించాలి. రద్దీలో ఎక్కడమే గగనం, సూట్‌కేసుతో అయితే అందరికీ ఇబ్బంది. ఒకరోజు బస్సు పాస్ కొనమని పాత వ్యాసాలు ఇంకా చెబుతున్నాయి, దాన్ని ఎప్పుడో ఆపేశారు. రెండు మెట్రో లైన్లు, కేయ్‌హాన్, రాండెన్, మీ కాళ్లు చాలు.

5. ముందే బుక్ చేయాల్సినవి, భోజనం

కత్సురా రాజవిడిది, నాచు తోట ఉన్న సైహోజి కావాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. మిగతావాటికి అక్కర్లేదు. శాకాహారులు ఒక మాట గుర్తుంచుకోవాలి: కూరగాయల పులుసులా కనిపించేదాంట్లోనూ ఎండు చేపతో కాచిన దాషి ఉంటుంది. నాన్‌జెన్‌జి దగ్గర యుదోఫు (వేడి నీళ్లలో ఉడికించిన టోఫు) తిన్నా, ముంచుకునే సాస్‌లో చేప ఉందేమో అడగండి. ఆలయాల్లో పెట్టే శోజిన్ ర్యోరి (బౌద్ధ సన్యాసుల శాకాహార భోజనం) నిశ్చింతగా తినొచ్చు.

6. తిరుగు రోజు

సూట్‌కేసును హోటల్లోనో స్టేషన్ లాకర్లోనో పెట్టి, ఉదయం నిషికి బజారు చూసుకోండి. విమానాశ్రయానికి హరుకా రైలు 30వ నంబరు ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుతుంది. అది స్టేషన్‌లో ఒక మూల ఉంటుంది. సామానుతో నడవాలి కాబట్టి పదిహేను నిమిషాలు ముందే చేరండి.