తక్కువ డబ్బులతో పాత చిన్న ఇంటిని మళ్ళీ బాగు చేసుకోవడం ఎలా?

పాడుబడ్డ చిన్న ఇల్లు చేతికొచ్చాక చాలామంది మొదట చేసే పని గోడలకి ఏ రంగు వెయ్యాలా అని చూడటం. నేనూ అదే చేశా. ముందు గదికి రెండు కోట్లు పెయింట్ కొట్టించి ఫోటోలు తీసి అందరికీ పంపించి తెగ మురిసిపోయా, ఆర్నెల్లు తిరక్కుండానే గోడంతా బుడగలు లేచి పెయింట్ రేకులు రేకులుగా రాలుతుంటే రోజూ చీపురు పట్టుకుని ఊడ్చుకున్నా. పైన కప్పులోంచి నీళ్ళు గోడలోకి దిగుతుంటే నేను గోడకి మేకప్ వేశానన్నమాట. ఆ పెయింట్ డబ్బులు పోయాయి, దాన్ని గీకించడానికి కూలీ అయ్యింది, మళ్ళీ పెయింట్‌కి ఇంకోసారి పెట్టా. చవక సామాను కొంటే డబ్బులు మిగలవండీ, ఒకే పని రెండుసార్లు చెయ్యకుండా ఉంటేనే మిగుల్తాయి. అందుకే కింద చెప్పేదాంట్లో ఎక్కువ భాగం ఏ పని ముందు ఏ పని తర్వాత అనేదే.

1. ముందు ఏమీ చెయ్యకండి, చూడండి

ఒక నోట్‌బుక్, పెన్సిల్, టార్చ్, కొలిచే టేపు, ఒక పాత స్క్రూడ్రైవర్. ఇవి చాలు. కుదిరితే గట్టి వాన పడేటప్పుడు ఇంట్లో ఉండండి, ఎక్కడ కారుతోంది, బయట నీళ్ళు ఎటు పోతున్నాయి, ఏ గోడ పక్కన నిలబడిపోతున్నాయి అన్నీ రాసుకోండి. ఒక్క గంట వాన చెప్పినంత ఏ ఇంజినీరూ చెప్పడు, పైగా ఫ్రీ. ఎండ ఉన్నప్పుడు తలుపులు కిటికీలు మూసేసి లోపల్నుంచి కప్పు వైపు చూడండి, వెలుతురు చుక్కలు కనిపించిన చోటల్లా నీళ్ళకి దారి ఉన్నట్టే.

గోడల్లో బీటలుంటే కంగారు పడకండి, అలా అని మట్టి మెత్తి మూసెయ్యకండి కూడా. బీట రెండు చివర్లా పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి పక్కనే తేదీ, వెడల్పు రాయండి. రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ చూడండి. గీత దాటి పాకిందంటే ఇల్లు ఇంకా కదులుతోంది, అక్కడే ఆగిందంటే ఎప్పుడో కదిలి సర్దుకుంది. వెంట్రుకలా సన్నగా, మిల్లీమీటరు లోపు ఉన్నవి మామూలుగా ప్లాస్టరింగ్ వరకే ఉంటాయి. అదే 5 మిల్లీమీటర్లు దాటి, మెట్లు మెట్లుగా ఇటుకల మధ్యలోంచి ఏటవాలుగా పోతూ, పక్కనున్న తలుపు కూడా బిగుసుకుపోతుంటే అక్కడ మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి ఫీజు ఇచ్చి చూపించండి. బడ్జెట్ ఎంత తక్కువైనా ఈ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు.

చెక్క దూలాలు, వాసాల్ని స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, ముఖ్యంగా గోడలోకి దూరే చివర్లు. మంచి చెక్కలోకి కొంచెం కూడా దిగదు, కుళ్ళిన చెక్క అయితే మెత్తగా దిగిపోతుంది. గోడ మీద సన్నటి మట్టి గొట్టాలు పాకి ఉంటే చెదలు, చెక్క కింద సన్నటి పొడి రాలి ఉంటే పుచ్చు పురుగు.

రెండు జాగ్రత్తలు. పాత పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది, అమెరికాలోనే ఇళ్ళ పెయింట్లలో దాన్ని నిషేధించింది 1978లో, అందుకని పాత రంగుని పొడిగా శాండ్‌పేపర్ పెట్టి రుద్దకండి, తడిపి గీకండి, మంచి మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని అటు రానివ్వకండి. రెండోది పాత సిమెంటు రేకులు. వాటిలో ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులకి హాని చేసే సన్నటి రాతి పీచు) ఉండొచ్చు కాబట్టి పగలగొట్టడం, కొయ్యడం, డ్రిల్ చెయ్యడం చెయ్యొద్దు, తెలిసినవాళ్ళని పిలిచి తీయించండి.

2. డబ్బుల లెక్క

ఉన్న డబ్బుల్లో ఐదో వంతు పక్కన పెట్టేసి దాన్ని మర్చిపోండి. పాత ఇంట్లో ఒక పెంకు తీస్తే కింద ఇంకేదో బయటపడుతుంది, అది ప్రతిసారీ జరుగుతుంది, నాకైతే మూడుసార్లు జరిగింది. మిగిలినదాన్ని ఈ వరసలో ఖర్చు పెట్టండి: కప్పు, నీళ్ళ దారి, పడిపోయేలా ఉన్నవి, కరెంటు, పైపులు, ఆ తర్వాతే గోడలు, నేల, రంగు. డబ్బులు మధ్యలో అయిపోయినా పర్లేదు, కప్పు కారని ఇల్లు రంగు లేకుండా రెండేళ్ళు ఆగగలదు.

ఒళ్ళు వంచితే చాలా మిగుల్తుంది. చెత్త ఎత్తడం, పాత ప్లాస్టరింగ్ రాల్చడం, ఇటుకలు శుభ్రం చెయ్యడం, చెక్క గీకడం, సున్నం వెయ్యడం, ఇవన్నీ ఎవరైనా చేసుకోగలిగినవే. కరెంటు, బరువు మోసే గోడలు, ఎత్తైన కప్పు మాత్రం పనోళ్ళకే వదిలెయ్యండి. మొత్తం ఇల్లు ఒకేసారి విప్పుకుని కూర్చోకండి, ఒక్క గది ముందు పూర్తి చేసుకుంటే అక్కడ సామాను పెట్టుకోవచ్చు, కూర్చోవచ్చు, మనసు కూడా నిలబడుతుంది.

ఇంకోటి, మొదటి వారంలో ఏదీ పారెయ్యకండి. పాత పెంకులు, బందులు, గడియలు, విరిగిన తలుపు చెక్కలు అన్నీ ఒక మూల పెట్టండి. అదే కొలతలో అదే మందంలో కొత్తవి దొరకవు, దొరికినా అతకవు.

3. కప్పు, ఆ తర్వాత నీళ్ళ దారి

పెంకుల కప్పైతే మొత్తం దించాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. పగిలినవి మార్చడం, జారినవి సర్దడం, నడినెత్తిన వరస కదిలితే మళ్ళీ కూర్చోబెట్టడం, వీటితోనే సగం కారుడు ఆగిపోతుంది. పెంకులు చాలకపోతే వెనక వైపు కప్పులోంచి మంచివి తీసి ముందుకి వాడి, కొత్తగా కొన్నవి వెనక వేసుకోండి, కంటికి తేడా కనపడదు. పైకెక్కితే పెంకుల మీద నేరుగా కాలు పెట్టొద్దు, అడ్డంగా పలక గానీ నిచ్చెన గానీ పరుచుకుని దాని మీద నడవండి. కారే చోటు లోపల తడి కనపడే చోటుకి నేరుగా పైన ఉండదు, నీళ్ళు వాసం పట్టుకుని కిందికి జారి ఎక్కడో పడతాయి, అందుకని తడి నుంచి పైవైపుకి వెతుక్కుంటూ పోవాలి.

నేల సంగతి దీనికంటే చవక. గోడ దగ్గర నుంచి బయటికి మట్టి వాలుగా ఉండాలి, మొదటి మూడు మీటర్లలో 15 సెంటీమీటర్లు కిందికి దిగితే చాలు. పాత ఇళ్ళ చుట్టూ ఏళ్ళ తరబడి మట్టి పేరుకుని బయటి నేల లోపలి గచ్చు కంటే ఎత్తైపోతుంది, గోడ పగలూ రాత్రీ ఆ తడి పీలుస్తూ ఉంటుంది. పార పట్టుకుని ఆ మట్టి తీసేసి బయటి నేల లోపలి నేల కంటే కనీసం 15 సెంటీమీటర్లు కిందికి ఉండేలా చెయ్యండి, ఒకేసారి లోతుగా కాదు, పునాది బయటపడకుండా కొంచెం కొంచెంగా. నేను రెండు రోజులు మట్టి తవ్వినందుకు తగ్గిన చెమ్మ, ఆ ముందు ఏడాది కొన్న వాటర్‌ప్రూఫ్ డబ్బాలన్నీ కలిపినా తగ్గలేదు.

గోడ బీటల్లో మొక్క మొలిచి ఉంటే చేత్తో పీకకండి. వేరు లోపల ఇటుకల్ని పట్టుకుని ఉంటుంది, దాంతో పాటు గోడ ముక్క ఊడొస్తుంది. మొదలుకి కోసి వేరు చంపే మందు రాసి, ఎండిపోయాక తియ్యండి.

4. పడిపోయేలా ఉన్నవి

దూలం మొత్తం మార్చడం ఖర్చు, పైగా చాలాసార్లు అనవసరం. కుళ్ళేది ఎక్కువగా గోడలో కూర్చునే చివరి అడుగో అడుగున్నరో. ఆ ముక్క కోసేసి కొత్త చెక్కని ఏటవాలు అతుకు వేసి బోల్టులు బిగించొచ్చు, లేదా పాత దూలం పక్కనే ఇంకో చెక్కని జత కట్టొచ్చు. ఏది చేసినా ముందు కింద పోట్లు (ఆసరా కర్రలు) పెట్టి బరువు వాటి మీదికి దింపాకే రంపం పట్టుకోవాలి. చెక్కలో తేమ 20 శాతం దాటి చాలా కాలం అలాగే ఉంటేనే కుళ్ళు పడుతుంది, కాబట్టి తడి వచ్చే దారి మూసెయ్యకుండా కొత్త చెక్క వేస్తే అదీ అలాగే పోతుంది.

5. గోడలు: సిమెంటు సంచి పక్కన పెట్టండి

ఇక్కడే ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకునేది. ఇప్పుడు మనం వాడే పోర్ట్‌లాండ్ రకం సిమెంటుకి ఇంగ్లండ్ మేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంట్ తీసుకుంది 1824లో, మామూలు చిన్న ఇళ్ళ దాకా రావడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. అందుకని బాగా పాత ఇల్లైతే అది మట్టితోనో సున్నంతోనో కట్టి ఉండే అవకాశమే ఎక్కువ. మేకుతో ఇటుకల మధ్య అతుకుల్లో గీకి చూడండి, తెల్లగా పొడి పొడిగా రాలితే సున్నం, బూడిద రంగులో రాయిలా ఉండి మేకు జారిపోతే సిమెంటు.

సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, గాలి తగిలితే వదిలేస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ వేస్తే పీల్చుకోవడం కింద నుంచీ బీటల నుంచీ జరుగుతూనే ఉంటుంది, వదలడం ఆగిపోతుంది. లోపల చిక్కుకున్న తడి ఉప్పుని మోసుకుని పైకి పాకుతుంది, ఇటుక ముఖం పొరలుగా రాలిపోతుంది. మెత్తటి పాత ఇటుకల మధ్య గట్టి సిమెంటు పెట్టినా ఇదే గతి, అరిగిపోవాల్సింది అతుకు, మన పుణ్యమా అని అరిగేది ఇటుక. "సిమెంటు వేస్తే గట్టిగా ఉంటది కదా" అని మేస్త్రి అంటాడు, నిజమే, సిమెంటు గట్టిగానే ఉంటుంది, దాని వెనకున్న గోడే పోతుంది.

గోడలో తడి లోపల్నుంచి వస్తోందా, గదిలో గాలి ఆడక పడుతోందా అనేది తేల్చుకోవడానికి చిన్న టెస్టు ఉంది. అడుగున్నర చదరంలో ప్లాస్టిక్ షీట్ ముక్కని గోడకి పెట్టి నాలుగు అంచులా టేపు గట్టిగా అంటించి ఒకటి రెండు రోజులు వదిలెయ్యండి. షీట్ వెనక వైపు నీటి చుక్కలుంటే తడి గోడలోంచి వస్తోంది, మన వైపు ఉంటే గదిలో గాలి తిరగడం లేదు, కిటికీలు తీస్తే సగం సమస్య పోతుంది.

తడిసిన గోడ ఆరడానికి అంగుళం మందానికి సుమారు ఒక నెల లెక్కేసుకోండి. తొమ్మిది అంగుళాల గోడైతే తొమ్మిది నెలలు. అవును, బాధగానే ఉంటుంది, నాకూ ఓపిక లేదు, కానీ ఈ టైంలోనే కరెంటు పని, పైపుల పని చేయించుకుంటే ప్లాస్టరింగ్ అయ్యాక మళ్ళీ గోడ కొట్టించే బాధ తప్పుతుంది. పాత వైర్ల తొడుగు ముట్టుకుంటే రాలుతుంటే అతుకులు వేయించొద్దు, కొత్తగా లాగించండి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) తప్పకుండా పెట్టించండి.

ఆరాక అతుకుల పని. వదులైన పాత గారని అతుకు వెడల్పుకి రెండింతల లోతు వరకూ గీకేసి, దుమ్ము బ్రష్‌తో దులిపి, నీళ్ళు చల్లి, ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక కలిపి కూరండి. ఇసుక మరీ నున్నగా ఉంటే బీటలొస్తాయి, చిన్నా పెద్దా రేణువులు కలిసి చేతిలో గరగరలాడాలి. ప్లాస్టరింగ్ కూడా అదే పాళ్ళు, ఒక్కో పూత సెంటీమీటరు మించకుండా. సున్నం గాల్లోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది, త్వరగా ఎండిపోతే పొడైపోతుంది, అందుకని ఎండ తగలకుండా తడి గోనెపట్టా వేలాడదీసి నాలుగైదు రోజులైనా చెమ్మగా ఉంచండి.

కాల్చిన సున్నపు రాయి తెచ్చి ఇంట్లోనే నీళ్ళలో వేసి సున్నం చేసుకుంటే చవక పడుతుంది కానీ జాగ్రత్త, నీళ్ళు తగలగానే సలసలా ఉడుకుతుంది. సున్నాన్ని నీళ్ళలోకి కొంచెం కొంచెంగా వెయ్యాలి గానీ సున్నం మీద నీళ్ళు గుమ్మరించకూడదు. కళ్ళకి గాగుల్స్, చేతులకి గ్లవ్స్ లేకుండా దగ్గరికే పోవద్దు.

6. తలుపులు, కిటికీలు

పాత తలుపు బిగుసుకుంటే ముందు బందుల స్క్రూలు చూడండి, చాలాసార్లు అవి వదులై తలుపు కిందికి వేలాడుతుంటుంది, అంతే, చిత్రిక పట్టాల్సిన పని లేదు. కింద అంచు కుళ్ళితే ఆ ముక్క వరకే కోసి కొత్తది అతికించండి. గీకాక అవిసె నూనె పట్టిస్తే చెక్క మళ్ళీ తేరుకుంటుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండగా చుట్టి మూల పడెయ్యకండి, అవి వాటంతటవే వేడెక్కి మంట అంటుకుంటాయి, బయట ఒక్కొక్కటీ పరిచి ఆరబెట్టి అప్పుడు పారెయ్యండి.

నేల గచ్చు అక్కడక్కడా పోయిందంటే పోయిన చోటే పూడ్చండి. మొత్తం మీద టైల్స్ వేస్తే కింద తడికి దారి లేక అది గోడల్లోకి ఎక్కుతుంది.

7. చివర్లో రంగు

ప్లాస్టిక్ పెయింట్ వద్దు, ఇంత కష్టపడి ఊపిరాడేలా చేసిన గోడకి మళ్ళీ కవర్ చుట్టినట్టు అవుతుంది. సున్నాన్ని పాలంత పల్చగా కలిపి, గుడ్డలో వడగట్టి, గోడని ముందు నీళ్ళతో తడిపి, వెడల్పు బ్రష్‌తో వెయ్యండి. ఒక్కో పూతకి మధ్య ఒక రోజు వదిలి నాలుగైదు పూతలు. వేసేటప్పుడు గోడ మీద ఏమీ కనపడదు, నీళ్ళు పూసినట్టే ఉంటుంది, నేనైతే మొదటిసారి సరిగ్గా కలపలేదేమో అని భయపడి చిక్కగా కలిపి ఇంకో పూత దట్టించా, అదంతా తర్వాత బీటలిచ్చి పొడి రాలింది. పల్చగానే వేసి బ్రష్ కడుక్కుని పడుకోండి, ఆరేకొద్దీ అదే తెల్లబడుతుంది.