పువా లైట్ థెరపీకి వెళ్లే ముందు జాగ్రత్తలు

మైకోసిస్ ఫంగాయిడిస్ పేరులో ఫంగస్ ఉన్నా ఇది చర్మంలో మొదలయ్యే టి-సెల్ లింఫోమా. రింగ్‌వార్మ్ క్రీములు దీనికి పనికిరావు. దీనికి ఇచ్చే చికిత్సల్లో పువా ఒకటి: చర్మాన్ని కాంతికి స్పందించేలా చేసే మెథాక్సలెన్ మాత్ర వేసుకుని, యువిఎ అనే అతినీలలోహిత కాంతిలో నిలబడటం.

మెథాక్సలెన్ మాత్ర సాధారణంగా లైట్‌కు గంటన్నర, రెండు గంటల ముందు వేసుకుంటారు. ఖాళీ కడుపుతో వేస్తే వికారం. రెండు ఇడ్లీలు తిని వేసుకోండి.

అసలు జాగ్రత్త మాత్ర పడ్డాకే మొదలు. ఆ 24 గంటలూ యువిఎ ఆపే కళ్లద్దాలు తీయొద్దు, ఎండ తగలనీయొద్దు. కారు అద్దం ఎక్కించాం కదా అనుకోకండి, మామూలు పక్క అద్దంలోంచి యువిఎ వస్తుంది. మే నెల హైదరాబాద్‌లో బైక్ మీద తిరుగు ప్రయాణమైతే ముంజేతులు, మెడ వెనక కాలిపోతాయి. ఫుల్ చేతుల ముదురు రంగు చొక్కా, టోపీ ఉండాలి.

డాక్సీసైక్లిన్ (యాంటీబయోటిక్), హైడ్రోక్లోరోథయజైడ్ (బీపీ మందు) లాంటివి చర్మాన్ని కాంతికి ఇంకా సున్నితం చేస్తాయి, వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి.

మందంగా ఆయింట్‌మెంట్ పూసుకుని వెళ్లొద్దు, కాంతిని అడ్డుకుంటుంది. లైట్ పెట్టెలో నిలబడినప్పుడు గాగుల్స్ తప్పనిసరి, మగవాళ్లు జననాంగాలు కప్పుకోవాలి. చంకలు, గజ్జల మచ్చలకు వెలుగు సరిగా అందదు, డాక్టరుకు చూపించండి.

పువా వల్ల చర్మంపై వచ్చే ఎరుపు 48 నుంచి 72 గంటలకు ముదురుతుంది. మర్నాడు బాగానే ఉందని ఊరుకోకండి. మంట, బొబ్బలుంటే తర్వాతి సిట్టింగ్‌కు ముందే చెప్పాలి. సిట్టింగ్‌లు తప్పినా అంతే, పాత డోసుతో నేరుగా నిలబడొద్దు.