నాలుగు దేశాలు, ఒకే నది: మోటర్‌హోమ్‌లో తీరిగ్గా యూరప్ తిరగడం ఎలా?

మేం మొదటిసారి మోటర్‌హోమ్ (లోపలే పడుకుని, వండుకునే వీలున్న బండి) అద్దెకు తీసుకున్నప్పుడు పది రోజుల్లో ఆరు దేశాలు చూసేయాలని లిస్టు రాసుకున్నాం. నాలుగో రోజుకే పిల్లలు బండి ఎక్కబోమని మొండికేశారు. చూసిన ఊళ్ల కంటే చూసిన హైవేలే ఎక్కువ. తర్వాతి ఏడాది పద్ధతి మార్చాం. దేశాలను కాకుండా ఒక నదిని ఎంచుకుని దాని వెంట వెళ్లాం. ఆ నది రైన్. జర్మనీ, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా నాలుగూ దాని పక్కనే తగుల్తాయి. స్టుట్‌గార్ట్ నుంచి బయల్దేరి మళ్లీ అక్కడికే వస్తే మొత్తం 750 కిలోమీటర్ల చుట్టు. రెండు వారాలుంటే హాయిగా సరిపోతుంది. జర్మనీలో ఉండే మనవాళ్లకైనా, ఇండియా నుంచి అమ్మానాన్నల్ని రప్పించి తిప్పాలనుకునేవాళ్లకైనా నేను చెప్పేది ఈ దారే.

ముందు నెల చూసుకోండి

జూలై చివరి నుంచి సెప్టెంబర్ రెండో వారం దాకా ఆ ప్రాంతంలో స్కూళ్లకు సెలవులు. బండి అద్దె పెరుగుతుంది, దారిలో వచ్చే కోన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున ఖాళీ దొరకదు. మే చివర్లోనో జూన్ మొదట్లోనో వచ్చే పెంటెకోస్ట్ సెలవుల్లో కూడా అంతే రద్దీ. జూన్ మధ్యలో గానీ, సెప్టెంబర్ రెండో వారం తర్వాత గానీ పెట్టుకోండి. నా ఓటు సెప్టెంబర్‌కే. ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతంలో ద్రాక్ష కోతలు జరిగే కాలం అది.

లైసెన్సు, వీసా

మామూలు కారు లైసెన్సుతో 3.5 టన్నుల దాకా బండి నడపొచ్చు. అంతకు మించిన బండి వద్దు. టోల్ నియమాలు మారిపోతాయి, వేగ పరిమితులూ మారతాయి. ఇండియా నుంచి వచ్చి నడిపేవాళ్లు ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని, దానితో పాటు ఒరిజినల్ లైసెన్సు కూడా తెచ్చుకోవాలి. జర్మనీలో స్థిరపడినవాళ్లకు ఇండియా లైసెన్సు మొదటి ఆరు నెలలే చెల్లుతుంది. ఈ సంగతి తెలియక బుకింగ్ అయ్యాక టెన్షన్ పడినవాళ్లను చూశాను.

అమ్మానాన్నలకు షెంగెన్ వీసా ఒక్కటి చాలు, నాలుగు దేశాలకూ పనిచేస్తుంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఎక్కడ ఉంటారో చూపించాలి కాబట్టి క్యాంపింగ్ (బండితో రాత్రి ఆగే చోటు) బుకింగులు ముందే చేసి, కన్ఫర్మేషన్లు ప్రింట్ తీసి జతపరచండి.

బండి ఎంచుకోవడం

నలుగురికి ఏడు మీటర్ల పొడవు బండి సరిపోతుంది. మంచాలెన్ని ఉన్నాయని కాదు, సీటు బెల్టులెన్ని ఉన్నాయని అడగండి. రెండూ సమానంగా ఉండవు. బండి కదులుతున్నప్పుడు ఎవరూ మంచం మీద పడుకోకూడదు.

ఎక్కువమంది పట్టించుకోనిది బరువు. ఖాళీ బండే మూడు టన్నుల దగ్గర ఉంటుంది. మిగిలిన నాలుగైదు వందల కిలోల్లోనే మనుషులు, నీళ్లు, సామాను అన్నీ సర్దుకోవాలి. నలుగురు పెద్దవాళ్లు కలిసి 280 కిలోలు, నిండు ట్యాంకు నీళ్లు వంద కిలోలు అనుకుంటే, ఇక సూట్‌కేసులకు ఎంత మిగిలిందో మీరే లెక్క వేసుకోండి. చక్రాల సూట్‌కేసులు ఇంట్లో వదిలేసి మెత్తటి బ్యాగులు తీసుకెళ్లండి. ఖాళీ అయ్యాక మడిచి ఓ మూల పెట్టుకోవచ్చు.

కాంట్రాక్టులో మూడు విషయాలు చదవండి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు ఉచితం, స్విట్జర్లాండ్‌లోకి తీసుకెళ్లొచ్చా, బండి పైకప్పుకు దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా. చాలా చోట్ల పైకప్పు వర్తించదు. అందుకే బండి తాళాలు చేతికిచ్చిన క్షణమే దాని ఎత్తు ఒక కాగితం మీద పెద్ద అంకెల్లో రాసి స్టీరింగ్ ముందు అంటించండి. మూడు మీటర్ల దాకా ఉంటుంది. అండర్‌గ్రౌండ్ పార్కింగులు, ఫ్రాన్స్‌లో కార్ పార్కుల ముందు కట్టే ఇనప అడ్డాలు రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటాయి.

దారి: రోజుకు వంద కిలోమీటర్లు చాలు

నేను పాటించే లెక్క ఒకటే. ఒక చోట కనీసం రెండు రాత్రులు, బండి నడిపే రోజున వంద కిలోమీటర్లు. మొదటి మజిలీకి వెళ్లేటప్పుడు, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మాత్రమే దీన్ని దాటుతాం.

బండి చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, అన్నీ చూపించడానికి ఇంకో గంట. ఆ సాయంత్రం దూరం వెళ్లకండి. దగ్గర్లోనే ఓ క్యాంపింగ్‌లో ఆగి ఏ స్విచ్ దేనికో నేర్చుకోండి. మర్నాడు ఫ్రైబర్గ్. అక్కడ వీధుల పక్కన చిన్న చిన్న నీటి కాలువలు పారుతుంటాయి. పిల్లలు తాడు కట్టిన చెక్క పడవలు వాటిలో లాక్కుంటూ నడుస్తారు. మావాళ్లు రెండు గంటలు ఆ పని మీదే ఉన్నారు. చర్చి గోపురం 116 మీటర్లు, చూసి తీరాల్సిందే, కానీ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునేది పడవల గురించే.

ఫ్రైబర్గ్ నుంచి బ్రైజాఖ్ దగ్గర రైన్ వంతెన దాటితే ఫ్రాన్స్. దాటగానే నోఫ్ బ్రిజాక్ అనే ఎనిమిది మూలల కోట ఊరు వస్తుంది. 2008లో యునెస్కో గుర్తింపు పొందింది. ఇంకాస్త ముందుకెళ్తే కోల్మార్. న్యూయార్క్‌లోని స్టాచ్యూ ఆఫ్ లిబర్టీని మలిచిన బార్తోల్ది పుట్టిన ఊరు ఇదే. చుట్టుపక్కల ఎగిషైమ్, రిక్వీర్ లాంటి పల్లెల్లో సందులు చాలా ఇరుకు, బండిని ఊరి బయట పార్క్ చేసి నడిచి వెళ్లండి. 1871 నుంచి 1945 లోపు ఈ అల్సాస్ ప్రాంతం జర్మనీ, ఫ్రాన్స్ మధ్య నాలుగు సార్లు చేతులు మారింది. ఊళ్ల పేర్లు జర్మన్‌లా, మాట ఫ్రెంచ్‌లా ఎందుకుంటాయో దాంతో అర్థమవుతుంది. ఇక్కడ మూడు రాత్రులు ఉండండి.

తర్వాత దక్షిణానికి దిగి, స్విట్జర్లాండ్‌లోకి పోకుండా జర్మనీ వైపు ఒడ్డునే బాట్ జెకింగెన్ చేరండి. నాకు ఈ మొత్తం దారిలో ఎక్కువ ఇష్టమైన చోటు ఇది. 204 మీటర్ల పొడవున పైకప్పు ఉన్న పాత చెక్క వంతెన రైన్ మీద ఉంది. ఇటు చివర జర్మనీ, అటు చివర స్విట్జర్లాండ్. కార్లు రావు. సాయంత్రం పూట నడుస్తుంటే కాళ్ల కింద చెక్కల చప్పుడు, ఆ కింద నీళ్ల చప్పుడు, ఆ రెండే వినిపిస్తాయి. నడిచి వెళ్తున్నాం కదా అని పాస్‌పోర్టు బండిలో వదిలేయకండి. సరిహద్దుల్లో ఎప్పుడైనా అడగొచ్చు.

అక్కడి నుంచి స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌజెన్ దగ్గర రైన్ జలపాతం. వెడల్పు 150 మీటర్లు, ఎత్తు 23 మీటర్లే, కానీ ఆ నీటి జోరు దగ్గర నిలబడితేనే తెలుస్తుంది. తర్వాత కోన్‌స్టాన్స్ సరస్సు. పూల దీవి మైనౌ, అవతలి ఒడ్డున మేర్స్‌బుర్గ్, ఇంకా తూర్పున లిండావ్, దాని పక్కనే ఆస్ట్రియా ఊరు బ్రెగెంజ్. ఇక్కడ నాలుగు రాత్రులైనా ఉండాలి. కోన్‌స్టాన్స్ నుంచి మేర్స్‌బుర్గ్‌కు బండితో సహా ఫెర్రీ ఎక్కొచ్చు. పావుగంట ప్రయాణం, ముందస్తు బుకింగ్ అక్కర్లేదు, బండి పొడవును బట్టి టికెట్. ఎక్కే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్ మూసేయండి. బ్రెగెంజ్‌లో రోప్‌వే ఎక్కి 1,064 మీటర్ల ఫెండర్ కొండ మీది నుంచి చూస్తే సరస్సంతా కాళ్ల కింద ఉంటుంది.

టోల్ సంగతి

జర్మనీలో మోటర్‌హోమ్‌కు టోల్ లేదు. అల్సాస్‌లో కోల్మార్ మీదుగా వెళ్లే ఏ35 హైవే ఉచితం. స్విట్జర్లాండ్‌లో హైవే ఎక్కితే 40 ఫ్రాంకుల విన్యెట్ (టోల్ పాసు) కొనాలి, ఒక్క రోజుకైనా ఏడాదికైనా అదే ధర. మామూలు రోడ్లకు అవసరం లేదు. ఆస్ట్రియాలోనూ హైవేకి విన్యెట్ కావాలి, కానీ జర్మనీ సరిహద్దు నుంచి హోహెనెమ్స్ దాకా ఏ14 మీద మినహాయింపు ఉంది. అంటే ఈ చుట్టును రూపాయి టోల్ కట్టకుండా పూర్తి చేయొచ్చు. నావిగేషన్‌లో స్విస్ హైవేలు వద్దని సెట్ చేసుకోవడం మర్చిపోకండి, లేకపోతే అది దగ్గర దారని అటే తీసుకుపోతుంది.

రాత్రి ఎక్కడ ఆగాలి

రెండు రకాల చోట్లు ఉంటాయి. ష్టెల్‌ప్లాట్స్ అంటే మోటర్‌హోమ్‌ల కోసమే కేటాయించిన పార్కింగ్. చవక, సాధారణంగా ఒక రాత్రికి బాగుంటుంది. క్యాంపింగ్ అంటే స్నానాల గదులు, పిల్లలు ఆడుకునే చోటు, కరెంటు అన్నీ ఉన్నది. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే క్యాంపింగే మేలు.

చాలా క్యాంపింగులలో మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడింటి దాకా విశ్రాంతి సమయం. గేటు మూసేస్తారు. ఒకసారి మేం ఒంటిగంటా పదికి చేరి, ఎండలో రోడ్డు పక్కన దాదాపు రెండు గంటలు కూర్చున్నాం. పన్నెండున్నరకల్లా చేరండి, లేదా దారిలో తీరిగ్గా భోజనం చేసి మూడు తర్వాత వెళ్లండి. రాత్రి పది దాటాక గొంతు తగ్గించాలి.

వంట, కరెంటు

క్యాంపింగ్‌లో కరెంటు ఇస్తారు కానీ ఇంట్లో ఉన్నంత కాదు. చాలా చోట్ల 6 ఆంపియర్లే. 230 వోల్టులతో గుణిస్తే సుమారు 1,380 వాట్లు. ఇండక్షన్ స్టవ్ పెట్టారా, ఫ్యూజ్ పోతుంది. 500 వాట్ల రైస్ కుక్కర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అయితే అదే సమయంలో నీళ్లు కాచే కెటిల్ పెట్టకండి. ప్రెషర్ కుక్కర్ గ్యాస్ మీదే. జర్మనీ సిలిండర్‌కు ఫ్రాన్స్‌లో మార్పిడి దొరకదు, అందుకే బయల్దేరేటప్పుడే నిండు సిలిండర్లు ఉన్నాయో లేదో చూసుకోండి.

పోపు బండి లోపల వేయకండి. ఎండుమిర్చి ఘాటు కర్టెన్లకు, పరుపులకు పట్టేస్తే వారమైనా పోదు, అద్దెకిచ్చినవాళ్లు క్లీనింగ్ చార్జీ వేయొచ్చు. పొడులు, పచ్చళ్లు, చింతపండు గుజ్జు ఇంటి నుంచే తీసుకెళ్తే పోపు అవసరమే తక్కువ. సూపర్‌మార్కెట్లో 3.5 శాతం కొవ్వున్న పెరుగు కొంటే మన పెరుగన్నానికి బాగుంటుంది. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు, శనివారమే కొనిపెట్టుకోండి.

ఇండియా నుంచి వచ్చేవాళ్లకు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల ఉత్పత్తులు బ్యాగులో తేకూడదు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. అమ్మ ప్రేమగా కట్టించిన డబ్బా చెత్తబుట్టలోకి పోవడం చూడటం కష్టం. పచ్చి కరివేపాకు కూడా వద్దు, పొడి కొట్టించి తెచ్చుకోమనండి.

నీళ్లు, టాయిలెట్

దీని గురించి ఎవరూ వివరంగా చెప్పరు, భయం మాత్రం అందరికీ ఇదే. టాయిలెట్ కింద సుమారు 18 లీటర్ల క్యాసెట్ (మురుగు చేరే పెట్టె) ఉంటుంది. నలుగురుంటే రెండు రోజులకొకసారి ఖాళీ చేయాలి. గ్లౌజులు వేసుకోండి. బండి బయటి వైపు చిన్న తలుపు తెరిచి క్యాసెట్‌ను లాగి, దానికోసం ఉన్న డ్రెయిన్ దగ్గరికి తీసుకెళ్లండి. పోసేటప్పుడు పక్కనున్న గాలి బటన్ నొక్కి పట్టుకుంటే చిందకుండా సాఫీగా పోతుంది. రెండు సార్లు కడిగి, కొంచెం నీళ్లు, టాయిలెట్ కోసం వాడే నీలం మందు కొలిచి పోసి పెట్టేయండి. ఐదు నిమిషాల పని.

అక్కడ రెండు కొళాయిలుంటాయి. తాగేనీటి కొళాయి దగ్గరికి క్యాసెట్‌ను తీసుకెళ్లకూడదు, చేతి గ్లౌజు కూడా తగలనివ్వకూడదు. తర్వాత వచ్చేవాళ్లు అదే కొళాయి నుంచి తాగేనీళ్లు పట్టుకుంటారు. గిన్నెలు కడిగిన నీళ్లు వేరే ట్యాంకులోకి పోతాయి, వాటిని రోడ్డు మీద వదలకండి.

ఫోను, అత్యవసరం

రైన్ ఒడ్డున, సరస్సు దగ్గర ఫోను చెప్పాపెట్టకుండా స్విస్ నెట్‌వర్క్ పట్టేస్తుంది. ఉచిత రోమింగ్ చాలా ప్లాన్లలో స్విట్జర్లాండ్‌కు వర్తించదు. ఆ ప్రాంతంలో నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోండి. నాలుగు దేశాల్లోనూ ఎమర్జెన్సీ నంబర్ 112.

తిరిగి ఇచ్చే రోజు

బండి వెనక్కివ్వాల్సింది ఉదయమే. అందుకని చివరి రాత్రి సరస్సు దగ్గర కాకుండా డిపోకి ముప్పై కిలోమీటర్ల లోపు ఉండండి. ఆ సాయంత్రమే వాడిన నీళ్ల ట్యాంకు, క్యాసెట్ ఖాళీ చేసి, సగం సర్దేయండి. పొద్దున్నే డీజిల్ నింపి బిల్లు దాచుకోండి. వంద కిలోమీటర్లకు 10 నుంచి 12 లీటర్లు తాగుతుంది. తీసుకున్న రోజు నాలుగు వైపులా, పైకప్పుతో సహా ఫొటోలు తీసి ఉంటే, ఇచ్చేటప్పుడు అవే చోట్ల మళ్లీ తీయండి. తాళాలు ఇచ్చే ముందు మంచాల కింద ఒకసారి చేయి పెట్టి చూడండి. మా చిన్నవాడి చెక్క పడవ అక్కడే దొరికింది.