చాట్‌జీపీటీ వ్యాసాలకు నా విరుగుడు

కోనసీమలో ఓ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మీద వ్యాసమంటే అందరివీ ఒకటే అచ్చు: కరువు, కాటన్ దొర, కాలువలు, పచ్చదనం. తప్పుల్లేవు, మనిషీ లేడు. ఏఐ రాతను పట్టేస్తామనే సాఫ్ట్‌వేర్లను నమ్మలేం, సొంతంగా రాసిన పిల్లల్నీ దొంగలంటాయి.

అందుకే ప్రశ్నే మార్చాను. 1996 నవంబరు తుపానుకు మీ ఇంట్లో ఏం జరిగిందో పెద్దవాళ్లనడిగి, క్లాసులో కూర్చుని చేత్తో రాయాలి. తర్వాత అదే ప్రశ్న ఏఐని అడిగి, రెండింటికీ పొంతన కుదరనిచోట ఎర్రగీత గీసి, ఎందుకో చెప్పాలి.

"ఇందులో కొబ్బరిచెట్లు పడ్డాయనే ఉందండి. మళ్లీ కాపు వచ్చేదాకా అప్పులోళ్లకి ఏం చెప్పారో మా మామ్మ చెప్పిందండి" అందొకమ్మాయి.

మార్కులు ఆ గీతల దగ్గరే వేస్తున్నాను. దిద్దడానికి మాత్రం టైమ్ బాగా పడుతోంది.